బీ450 బోర్డులో 1440పీకి ఏ గ్రాఫిక్స్ కార్డు? 5060 టీఐ, 9060 ఎక్స్‌టీ, బీ580 మధ్య తేలడం లేదు

రెండర్‌రాత్రి (ప్రశ్న)

పాత 6 జీబీ కార్డు తీసేసి కొత్తది పెట్టాలి. సిస్టమ్ వివరాలు ముందే ఇస్తున్నాను. రైజన్ 5 5600, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 (8 జీబీవి రెండు, 3200 మీద నడుస్తున్నాయి), 550 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై. అందులోంచి గ్రాఫిక్స్ కార్డుకి ఒకే కేబుల్ వస్తుంది, దాని చివర 6+2 పిన్ కనెక్టర్లు రెండున్నాయి. మానిటర్ 2560×1440, 144 హెర్ట్జ్.

పని ముప్పాతిక వంతు గేమ్‌లు, పావు వంతు బ్లెండర్ (3డీ బొమ్మలు, యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్). గేమ్‌లలో కథ నడిచే పెద్దవే ఎక్కువ, పోటీ షూటర్లు తక్కువ. జాబితాలో ఎన్విడియా ఆర్టీఎక్స్ 5060 టీఐ (8, 16 జీబీ రెండూ), ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ (8, 16 జీబీ), ఇంటెల్ ఆర్క్ బీ580 ఉన్నాయి.

నా సందేహాలు మూడు. చార్టుల్లో 8 జీబీ, 16 జీబీ రకాలు చాలాచోట్ల పక్కపక్కనే ఉంటున్నాయి, మరి అదనపు డబ్బు దేనికి పెట్టాలి? నా బోర్డులో కార్డుని కలిపే స్లాట్ దారి పీసీఐఈ 3.0 మాత్రమే, దానివల్ల ఎంత పోతుంది? పెట్టిన డబ్బుకి ఏది ఎక్కువ ఇస్తుందో లెక్కగట్టే సరైన పద్ధతి ఏమిటి?

---

బస్‌విడ్త్

ముందు 8 జీబీ రకాలు రెండూ కొట్టేయండి. మీది బీ450 కాబట్టి ఈ మాట ఇంకా గట్టిగా చెప్తున్నాను. మీ మొదటి రెండు సందేహాలూ నిజానికి ఒకటే.

5060 టీఐకి 128 బిట్ల బస్సు (చిప్‌కీ దాని మెమరీకీ మధ్య దారి), జీడీడీఆర్7 మెమరీ, పిన్నుకి 28 గిగాబిట్లు. 128ని 28తో గుణించి 8తో భాగిస్తే సెకనుకి 448 జీబీ. 9060 ఎక్స్‌టీది కూడా 128 బిట్లే, కానీ జీడీడీఆర్6, 20 గిగాబిట్లు, అంటే 320 జీబీ. కార్డులో మెమరీ సరిపోయినంతసేపు చిప్ ఈ వేగంతో టెక్స్‌చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) చదువుకుంటుంది. నిండిపోయాక మిగిలింది మీ మామూలు ర్యామ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, అవసరమైనప్పుడల్లా పీసీఐఈ దారిలో రావాలి.

ఆ దారి ఎంత ఇరుకో చూడండి. పీసీఐఈ 3.0లో ఒక్కో లేన్ (ఆ దారిలో ఒక వరస) సెకనుకి 1 జీబీకి కాస్త తక్కువ మోస్తుంది. 5060 టీఐ స్లాట్‌లో పూర్తిగా కూర్చున్నా వాడేది 8 లేన్లే, కాబట్టి మీ బోర్డులో దాని దారి 8 జీబీ లోపు. 448 ఎక్కడ, 8 ఎక్కడ! 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు) అంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో ఎంత లాగినా ఆ దారిలో 130 ఎంబీ మించి రాదు. గేమ్‌కి కావాల్సినది 8 జీబీ దాటి ఇంకో 1 జీబీ బయట ఉండిపోయిందనుకోండి, మలుపు తిరిగిన క్షణంలో అందులో మూడోవంతు కావాల్సి వచ్చినా మూడు ఫ్రేములు ఎగిరిపోతాయి. చేతికి తగిలే ఆ కుదుపు అదే. అదే కార్డు పీసీఐఈ 5.0 బోర్డులో ఉంటే దారి నాలుగింతలు వెడల్పు, కుదుపు చాలావరకు దాగిపోతుంది. పరీక్షలు చేసేవాళ్లు దాదాపు అందరూ కొత్త బోర్డుల మీదే చేస్తారు. కాబట్టి 8 జీబీ కార్డుకి చార్టులో కనిపించే అంకె మీ బోర్డుకి వర్తించదు. పైగా మీ మామూలు ర్యామ్ కూడా 16 జీబీయే, పొంగి వచ్చినదానికి అక్కడా చోటు తక్కువ.

రెండు రకాలూ చార్టుల్లో ఎందుకు పక్కపక్కన ఉంటాయంటే, మెమరీ చిప్ ఒక్కోటి 32 బిట్ల వెడల్పు, 2 జీబీ. 128 బిట్లకి నాలుగు చిప్‌లు, అంటే 8 జీబీ. 16 జీబీ రకంలో బోర్డు వెనకవైపు ఇంకో నాలుగు అతికిస్తారు. బస్సు వెడల్పు మారదు, కోర్లు మారవు (5060 టీఐలో రెండింటికీ 4608), వేగమూ మారదు. 8 జీబీ నిండనంతవరకు రెండూ ఒకటే కార్డు. నిండిన మరుక్షణం వేర్వేరు కార్డులు.

ఇంకోటి, చాలామంది గమనించనిది. కొన్ని గేమ్‌లు మెమరీ చాలకపోతే ఎఫ్‌పీఎస్ తగ్గించకుండా టెక్స్‌చర్ నాణ్యతనే చడీచప్పుడు లేకుండా తగ్గించేస్తాయి. గోడ మీది ఇటుకలు దగ్గరికెళ్లినా మసకగానే ఉంటాయి, అక్షరాలు చదవడానికి రావు. అంకె మాత్రం చార్టులో బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇక 16 జీబీ రకాల మధ్య పోలిక. 9060 ఎక్స్‌టీ 16 లేన్లూ వాడుకుంటుంది, అంటే మీ బోర్డులో దాదాపు 16 జీబీ దారి. మామూలు రెండరింగ్‌లో 5060 టీఐ కొద్ది శాతం ముందుంటుంది, రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారి లెక్కగట్టి గీయడం) గట్టిగా వాడే గేమ్‌లలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పవర్ 9060 ఎక్స్‌టీకి 160 వాట్లు, 5060 టీఐకి 180 వాట్లు, పెద్ద తేడా కాదు. చాలా మార్కెట్లలో 9060 ఎక్స్‌టీ 16 జీబీ తక్కువకి వస్తుంది కాబట్టి, గేమ్‌లు మాత్రమే అయితే నేను దానికే ఓటేస్తాను.

పేర్ల విషయంలో జాగ్రత్త. రెండు కంపెనీలూ 8కి, 16కి ఒకే పేరు పెట్టాయి. పెట్టె మీద, బిల్లు మీద, మోడల్ నంబరులో 16జీ అని ఉందో లేదో మూడుచోట్లా చూసుకోండి.

---

సైకిల్స్‌శిల్పి

పైన చెప్పినదంతా నిజమే, చివరి ఓటు దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. ప్రశ్నలో పావు వంతు బ్లెండర్ అని స్పష్టంగా ఉంది.

బ్లెండర్‌లోని రెండర్ ఇంజిన్ సైకిల్స్‌లో ఎన్విడియా కార్డు ఆ కంపెనీ సొంత ఆప్టిక్స్ మీద నడుస్తుంది, ఏఎండీ కార్డు హెచ్‌ఐపీ మీద. ఆప్టిక్స్ రే ట్రేసింగ్ కోర్లను బాగా పిండుకుంటుంది, డీనాయిజర్ (బొమ్మలో చుక్కల మచ్చలు తుడిచేది) కూడా అందులోనే ఉంది. గేమ్‌లలో 5 శాతం చుట్టూ తిరిగే తేడా ఇక్కడ చాలా పెద్దది. ఒక ఫ్రేము రెండర్‌లో నిమిషం ఆదా అయితే 240 ఫ్రేముల యానిమేషన్‌కి నాలుగు గంటలు ఆదా. వ్యూపోర్ట్‌లో (సీన్ చూస్తూ పనిచేసే కిటికీ) లైట్లు అటూఇటూ జరుపుతూ చూసేటప్పుడు ఆ తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ ఎదురుచూసేది మీరే.

8 లేన్ల భయం బ్లెండర్‌కి దాదాపు లేదు. సీన్ ఒక్కసారి కార్డులోకి ఎక్కుతుంది, ఆ తర్వాత పనంతా లోపలే. మెమరీ మాత్రం ఇక్కడ గేమ్‌ల కన్నా కఠినం. సీన్ పట్టకపోతే రెండర్ బాగా నెమ్మదిస్తుంది, లేదా మెమరీ చాలలేదని చెప్పి ఆగిపోతుంది. ఒక్క 4096×4096 టెక్స్‌చర్, 8 బిట్ల ఆర్‌జీబీఏ, కుదించకుండా 64 ఎంబీ తింటుంది. ఒక మెటీరియల్‌కి రంగు, రఫ్‌నెస్, నార్మల్, డిస్‌ప్లేస్‌మెంట్ అని నాలుగు పెట్టారంటే 256 ఎంబీ వరకు. అలాంటివి ముప్పై ఉంటే 8 జీబీ కార్డు అక్కడికే అయిపోయింది, జామెట్రీ ఇంకా మొదలే కాలేదు. దూరంగా ఉన్న వస్తువులకి 1కే టెక్స్‌చర్లు పెట్టుకుంటే 16 జీబీ హాయిగా సరిపోతుంది.

కాబట్టి ఈ మనిషికి 5060 టీఐ 16 జీబీ. గేమ్‌లు మాత్రమే అయితే 9060 ఎక్స్‌టీ, అందులో నాకూ పేచీ లేదు.

---

ఫ్రేమ్‌టైమ్

మూడో సందేహం నేను తీసుకుంటాను.

చార్టు చివర ఉండే సగటు అంకెను ధరతో భాగించకండి. చిన్న ఉదాహరణ. ఒక కార్డు నాలుగు గేమ్‌లలో 60, 60, 60, 400 ఎఫ్‌పీఎస్ ఇచ్చింది. ఇంకోటి 70, 70, 70, 340. మామూలు సగటు కడితే 145, 137.5, మొదటిదే గొప్ప అనిపిస్తుంది. కానీ మీరు ఆడే బరువైన మూడు గేమ్‌లలో రెండోదే మెరుగు. నాలుగింటినీ గుణించి నాలుగో మూలం తీస్తే 96, 104 వస్తాయి, అదే అసలు పరిస్థితి. ఒక తేలికైన షూటర్ మొత్తం సగటును లాగేసుకుంటుంది కాబట్టి ఎప్పుడూ గుణోత్తర సగటే తీయండి. మీరు ఆడే రకం గేమ్‌లే నాలుగో అయిదో ఏరుకుని వాటి అంకెలే తీసుకోండి.

రెండోది, సగటు ఎఫ్‌పీఎస్ కన్నా 1 శాతం లో మీద లెక్కగట్టడం మేలు. అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం అది. సగటు 80, లో 62 ఉన్న కార్డు చేతికి మెత్తగా ఉంటుంది. సగటు 88, లో 41 అయితే ఆ 88 కాగితం మీదే.

ధర పక్కన మొత్తం ఖర్చు వేయండి. ఊరికే ఉదాహరణకి, ఒక కార్డు ధర 100, లో 50. అంటే ఫ్రేముకి 2. ఇంకోటి 120, లో 62. ఫ్రేముకి 1.94, ఇదే చవక. కానీ రెండోదానికి కొత్త పవర్ సప్లై కావాలి, దాని ధర 20 అనుకుంటే మొత్తం 140, ఫ్రేముకి 2.26. తారుమారైపోయింది. మధ్యస్థాయిలో కార్డుల తేడాలు చిన్నవి కాబట్టి ఇలాంటి పక్క ఖర్చులే తీర్పు మార్చేస్తాయి.

డీఎల్‌ఎస్‌ఎస్ లేదా ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతులు) పెట్టి తీసిన అంకెల్ని నేటివ్ (పూర్తి రిజల్యూషన్‌లోనే గీసిన) అంకెలతో కలపకండి. 1440పీలో క్వాలిటీ మోడ్ అంటే లోపల గీసేది దాదాపు 1707×960 మాత్రమే. రెండు కార్డులకీ నేటివ్ అంకెలు పోల్చాక, బొమ్మ నాణ్యత విడిగా చూసుకోండి. 5000 సిరీస్‌కి డీఎల్‌ఎస్‌ఎస్ 4, 9000 సిరీస్‌కి ఎఫ్‌ఎస్‌ఆర్ 4, రెండూ 1440పీ క్వాలిటీలో వాడదగ్గవే. అయితే డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్న గేమ్‌ల సంఖ్య ఎక్కువ.

ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కల్పిత ఫ్రేములు చేర్చడం) అంకెలైతే విలువ లెక్కలోకి అసలు రానివ్వకండి. 30 ఎఫ్‌పీఎస్‌ని నాలుగింతలు చేస్తే తెర మీద 120 కనిపిస్తుంది, మౌస్ కదిపినప్పుడు వచ్చే స్పందన మాత్రం 30 కన్నా కాస్త బరువుగానే ఉంటుంది. అసలు వేగం 60 ఉన్నాక పెడితే బాగుంటుంది. దానికీ మెమరీ కావాలి, అందుకే 8 జీబీ కార్డుల్లో అది పెట్టగానే ఉన్న ఫ్రేములూ పోవడం చూస్తాం.

కొనేముందు ఇంకో పరీక్ష, ఇప్పుడున్న కార్డుతోనే చేయొచ్చు. మీ గేమ్‌ని మామూలు సెట్టింగ్‌లలో ఉంచి రిజల్యూషన్ మాత్రం 720పీకి దించండి. అప్పుడు వచ్చే ఎఫ్‌పీఎస్ మీ 5600 ఇవ్వగలిగే పైకప్పు. ఏ గ్రాఫిక్స్ కార్డు పెట్టినా దాన్ని దాటదు. అక్కడ 95 వస్తుంటే, చార్టులో 130 చూపించే కార్డుకి ఎక్కువ పెట్టడం అనవసరం. పాత కార్డు 720పీలో కూడా 97, 98 శాతం వాడకంలో ఉంటే మాత్రం ఆ అంకె ప్రాసెసర్‌ది కాదు, ఇంకా దించి చూడాలి.

---

రెండర్‌రాత్రి

చాలా స్పష్టత వచ్చింది, అందరికీ కృతజ్ఞతలు. 720పీ పరీక్ష చేశాను, రెండు పెద్ద గేమ్‌లలో 90 నుంచి 110 మధ్య ఆగింది, కార్డు వాడకం 70 శాతం దాటలేదు.

ఇంకో రెండు ప్రశ్నలు. బీ580 గురించి ఎవరూ మాట్లాడలేదు, 12 జీబీ కదా, ధరా తక్కువే. రెండోది, కాస్త సాగదీసి ఆర్టీఎక్స్ 5070 లేదా ఆర్ఎక్స్ 9070 తీసుకుంటే ఈ 550 వాట్లు సరిపోతాయా?

---

బస్‌విడ్త్

బీ580 చిప్‌గా మంచిదే. 192 బిట్లు, 456 జీబీ బ్యాండ్‌విడ్త్, 12 జీబీ, 190 వాట్లు. చిక్కు డ్రైవర్ దగ్గర. ఒక్కో ఫ్రేముకి అది ప్రాసెసర్ చేత మిగతా రెండు కంపెనీల కన్నా ఎక్కువ పని చేయిస్తుంది. వేగమైన కొత్త ప్రాసెసర్ ఉంటే తెలియదు. పాతదైతే 1 శాతం లో కిందికి జారుతుంది. 5600 ఆ రెండింటి మధ్యలో ఉంది, గేమ్‌ని బట్టి ఒకచోట బాగుంటుంది, ఇంకోచోట దెబ్బతింటుంది. రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చేరనిచ్చే సెట్టింగ్) లేకపోతే అయితే బీ580 తీసుకోనేకూడదు, పడిపోవడం మామూలుగా ఉండదు. పైగా ఇదీ 8 లేన్ల కార్డే. బడ్జెట్ 16 జీబీకి చేరకపోతే 8 జీబీ కార్డుల కన్నా దీన్నే చూడమంటాను, చేరితే అక్కర్లేదు.

5070 250 వాట్లు, 12 జీబీ. ఎన్విడియా దానికి 650 వాట్ల సప్లై చెప్తుంది. 9070 220 వాట్లు, 16 జీబీ, 256 బిట్లు, 640 జీబీ. రెండూ 5060 టీఐ కన్నా ఒక మెట్టు పైన, సందేహం లేదు. కానీ మీ ప్రాసెసర్ పైకప్పు 90 నుంచి 110 అని తేలింది కదా. 16 జీబీ 5060 టీఐ పెద్ద గేమ్‌లలో 1440పీ హై సెట్టింగ్‌ల్లో ఆ పైకప్పుకి కాస్త కిందే తిరుగుతుంది. 9070 దాన్ని గుద్దుకుని ఆగుతుంది. సప్లై కూడా మార్చాలి, అప్పుడు ఫ్రేమ్‌టైమ్ గారు చెప్పిన మొత్తం ఖర్చు లెక్క మీకు వ్యతిరేకంగా తిరుగుతుంది. ప్రాసెసర్ 5700ఎక్స్3డీకో కొత్త ప్లాట్‌ఫామ్‌కో మారే ఉద్దేశం ఉంటేనే 9070 వైపు చూడండి.

5060 టీఐకి మీ 550 సరిపోతుందా? 5600 గరిష్ఠంగా లాగేది 76 వాట్లు, కార్డు 180, మిగతా అన్నిటికీ కలిపి 60 అనుకున్నా 320 దాటదు. ఎన్విడియా 600 అని రాసేది నాసిరకం సప్లైలని కూడా మనసులో పెట్టుకుని. మీది మంచి తయారీదై, ఐదారేళ్లు దాటకపోతే ఇబ్బంది లేదు. ఒకే 8 పిన్ కనెక్టర్ ఉన్న మోడల్ తీసుకోండి. 8 పిన్‌కి 150 వాట్లు, స్లాట్‌కి 75, మొత్తం 225, అంటే మీ ఒక్క కేబుల్ చాలు. కొన్ని మోడళ్లకి 16 పిన్ కనెక్టర్ ఉంటుంది, అడాప్టర్ వేలాడదీయాల్సి వస్తుంది, ఆ తంటా వద్దు. వేరే సప్లై నుంచి తెచ్చిన మాడ్యులర్ కేబుల్ మాత్రం ఎప్పుడూ గుచ్చకండి. కార్డు వైపు పిన్నులు ఒకేలా ఉన్నా, సప్లై వైపు వరస కంపెనీని బట్టి మారుతుంది, 12 వోల్టులు గ్రౌండ్‌లోకి పోతే కార్డు అక్కడికక్కడే పోతుంది.

---

బయోస్‌బల్ల

కార్డు తేలింది కాబట్టి బిగించే క్రమం రాస్తున్నాను. బీ450లో సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి.

పాత కార్డు ఉండగానే బయోస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. పాత బయోస్‌లలో రీసైజబుల్ బార్ ఐచ్ఛికమే కనిపించదు. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే ముందుగా దాన్ని తాత్కాలికంగా ఆపి, రికవరీ కీ రాసి పెట్టుకోండి. లేకపోతే అప్‌డేట్ తర్వాత ఆ కీ అడిగి అక్కడే కూర్చుంటుంది.

తర్వాత మీ విండోస్ డిస్క్ జీపీటీలో ఉందో ఎంబీఆర్‌లో ఉందో (డిస్క్ విభజన పద్ధతులు, మొదటిది కొత్తది, రెండోది పాతది) డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూడండి. డిస్క్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్ ట్యాబ్. ఎంబీఆర్ అని ఉంటే బయోస్‌లో సీఎస్‌ఎమ్ (పాత పద్ధతిలో బూట్ చేయనిచ్చే సెట్టింగ్) ఆపిన వెంటనే విండోస్ బూట్ అవ్వదు. విండోస్‌తో పాటే వచ్చే ఎంబీఆర్‌టూజీపీటీ సాధనంతో, ముందు వ్యాలిడేట్ చేసి, ఆ తర్వాత కన్వర్ట్ చేయాలి. బ్యాకప్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి. అది అయ్యాక బయోస్‌లో సీఎస్‌ఎమ్ ఆఫ్, అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్, రీసైజబుల్ బార్ ఆన్.

పాత కార్డు వేరే కంపెనీదైతే సేఫ్ మోడ్‌లో డీడీయూ (డ్రైవర్లు తుడిచే సాధనం) నడిపి పాత డ్రైవర్ పూర్తిగా తీసేయండి. ఆ సమయంలో ఇంటర్నెట్ తీసి ఉంచండి, లేదంటే విండోస్ తనకు తోచిన డ్రైవర్ ఎక్కించేస్తుంది. ఒకే కంపెనీదైతే కొత్త డ్రైవర్ క్లీన్ ఇన్‌స్టాల్ చాలు.

కార్డుని ప్రాసెసర్‌కి దగ్గరున్న పైస్లాట్‌లోనే పెట్టాలి. కింద అదే పొడవున్న స్లాట్ బీ450లో చిప్‌సెట్ నుంచి వస్తుంది, మామూలుగా పీసీఐఈ 2.0, నాలుగే లేన్లు. పొడవు చూసి మోసపోవద్దు. మానిటర్ కేబుల్ కార్డులోకే గుచ్చండి, డిస్‌ప్లేపోర్ట్ అయితే మంచిది. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 144 హెర్ట్జ్ మళ్లీ ఎంచుకోవాలి, చాలాసార్లు 60కి పడిపోయి ఉంటుంది.

చివరగా జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే సాధనం) తెరవండి. బస్ ఇంటర్‌ఫేస్ గడిలో 8 లేన్లు, 1.1 అని కనిపిస్తే కంగారు వద్దు. పని లేనప్పుడు కార్డు లింకు వేగం తగ్గించుకుంటుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే ఆ అంకె 3.0కి ఎగబాకాలి. లేన్లు 8 ఉండటం 5060 టీఐకి సహజం. 4 అని ఉంటే స్లాట్ తప్పు, లేదా కార్డు పూర్తిగా కూర్చోలేదు. తీసి, లాచ్ టక్‌మనేదాకా మళ్లీ నొక్కండి. రీసైజబుల్ బార్ అదే కిటికీలో కింద ఎనేబుల్డ్ అని ఉండాలి.

ఆ తర్వాత మీ బరువైన గేమ్‌ని అరగంట నడిపి, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్, జీపీయూ కింద షేర్డ్ మెమరీ (కార్డు వాడుకుంటున్న మామూలు ర్యామ్) గీతను చూడండి. కొన్ని వందల ఎంబీలు ఎప్పుడూ ఉంటాయి, అది మామూలే. ఆడుతుండగా అది 1 జీబీ దాటి ఎక్కుతూ పోతే డెడికేటెడ్ (కార్డు సొంత మెమరీ) నిండిందని అర్థం, టెక్స్‌చర్ సెట్టింగ్ ఒక మెట్టు దించండి. మిగతా సెట్టింగ్‌లు ముట్టుకోవాల్సిన పనిలేదు.

---

రెండర్‌రాత్రి

డిస్క్ ఎంబీఆర్‌లోనే ఉంది. ముందు బ్యాకప్, తర్వాత మిగతావి. ఒకే 8 పిన్ ఉన్న 5060 టీఐ 16 జీబీ తీసుకుంటున్నాను.